ట్యూబుకి పెట్టిన బొట్టు

మా ఫ్యాక్టరీలో ఫర్నేసు గోడకి చిన్న చిన్న కన్నాలుండేవి. ఒక్కోదానికి ఒక ఇనప మూత. మూత పక్కకి జరిపి, నీలం అద్దం అడ్డం పెట్టుకుని చూస్తే లోపల నిలువునా వేలాడే ట్యూబులు కనిపించేవి. చుట్టూ మంటలు, మధ్యలో ఎర్రగా కాలుతూ అవి. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటేసింది. రెండోసారి భయమేసింది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా భయమే. ఆ కన్నాల్లోంచి పూటపూటా చూసి, ట్యూబులు ఎలా ఉన్నాయో చెప్పడమే మా బావ ఉద్యోగం.

బావ అంటే నా మొగుడే. మాది మేనరికం. పెళ్ళయ్యాక "ఏమండీ" అనమని పెద్దవాళ్ళు ఎంత పోరినా నా నోరు తిరగలేదు. అత్తయ్య కూడా నాకు అత్తగారు కాకముందే మేనత్త, మా నాన్నకి స్వయానా అక్క. ఇంట్లో మేం ముగ్గురమే. మావయ్య లేడు. బావ హైస్కూల్లో ఉండగా రైసుమిల్లులో బాయిలరు పేలి చనిపోయాడు. అందుకని కొడుకు కూడా మంటల దగ్గరే ఉద్యోగానికి కుదిరాడని తెలిసిన రోజున అత్తయ్య అన్నం ముట్టలేదు. ఆ తర్వాత రోజూ ముట్టింది గానీ, ఆ భయం మాత్రం ఆవిడ కంచం పక్కనే కూర్చునేది.

ఇదంతా తొంభైల చివరి మాట. అది వనస్పతి తయారుచేసే ఫ్యాక్టరీ, కాలువ గట్టు పక్కన. ఇప్పుడు లేదు, పేరు అనవసరం. నూనెని గట్టిపరచడానికి హైడ్రోజన్ కావాలి. మా డెల్టాలో భూమిలోంచి వచ్చే గ్యాసుని ఆవిరితో కలిపి, ఆ ఎర్రటి ట్యూబుల గుండా పంపిస్తే హైడ్రోజన్ తయారయ్యేది. నేను అక్కడే ల్యాబులో కెమిస్టుని. మొగుడూ పెళ్ళాం ఒకే గేటులోంచి లోపలికెళ్ళి, నేను చల్లటి గదిలోకీ, బావ ఆ సెగలోకీ పోయేవాళ్ళం.

మామూలు ఇనప గొట్టాన్ని ఆ మంటలో నిలబెడితే ఒక పూటకే మెత్తబడి కూలబడుతుంది. ఈ ట్యూబులు అలాంటివి కావు. ఇనుములో పావువంతు దాకా క్రోమియం, దానికి కాస్త అటూఇటూగా నికెల్ కలిపి పోతపోసినవి. క్రోమియం పైన పల్చటి పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం మంట, గాలి లోపలి లోహాన్ని తినలేవు. నికెల్ ఎంత కాలినా లోహం పట్టు సడలనివ్వదు. విమానాల ఇంజన్లలో, గ్యాసుతో కరెంటు తీసే టర్బైన్ల రెక్కల్లో ఉండేవీ ఈ వంశపు లోహాలే. అంతదాకా ఎందుకు, అప్పట్లో మా ఇంట్లో పాలు కాచుకునే హీటరు కాయిలుదీ అదే కులం. నికెల్, క్రోమియం. ఎర్రగా కాలుతుంది, చల్లారుతుంది, మళ్ళీ కాలుతుంది, ఏమీ కాదు. కానీ దాని మీద ఏ చారో పొంగిందా, కొన్నాళ్ళకి సరిగ్గా అది పడిన చోటే తెగి ఊరుకునేది. "కరెంటోళ్ళు ఎక్కువిచ్చేశారే అమ్మాయ్, మాడి చచ్చింది" అని అత్తయ్య సబ్‌స్టేషన్ వాళ్ళని శాపనార్థాలు పెట్టేది. కాదత్తయ్యా, నీ చారే అని నేను. చారు మీదికి వస్తే మాత్రం ఆవిడ ఊరుకునేది కాదు.

ఎంత మొండి లోహమైనా దానికీ ఒక లెక్కుంది. ఆ వేడిలో, లోపల గ్యాసు ఒత్తిడికి, కంటికి ఆననంత నెమ్మదిగా సాగుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి సాగుతుంది. బయటికి ఏమీ తెలియదు. చివరికి ఒకరోజు చీలుతుంది. "ఇది కరగదే, దీనికి విసుగొస్తుంది. విసుగు మొహంలో కనపడుతుంది, అదే నేను చూసేది" అనేవాడు బావ. చాల్లే సంబడం, నా మొహంలో విసుగు మటుకు ఒక్కరోజూ కనపడదు గదా నీకు అనేదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో ఫర్నేసు ఆపి పాత ట్యూబులు తీసేశారు. చాలా ఉబ్బిపోయాయి. కొత్తవి వచ్చాయి. వాటితోపాటు వచ్చిన కంపెనీ ఇంజనీరు అందర్నీ నిలబెట్టి గట్టిగా చెప్పాడు. ట్యూబుల మీద రంగుతో గుర్తులు పెట్టకూడదు, జింకు పూత ఉండే జీఐ వైరుతో కట్టకూడదు, గ్రీజు చేతులు వెయ్యకూడదు. సీసం, జింకు, గంధకం లాంటివి రవ్వంత అంటినా చల్లగా ఉన్నప్పుడు ఏమీ కాదు, ఎర్రగా కాలాక అక్కడ పై పొర పోతుంది, లోహం పెళుసవుతుంది. బావకి ఈ మాటలు నూటికి నూరుపాళ్ళూ ఎక్కాయి. ట్యూబులు పైకెత్తడానికి జీఐ వైరు పట్టుకొచ్చిన రిగ్గరుని ఆ రోజు తిట్టిన తిట్లు ల్యాబులో నాకు వినపడ్డాయి. తెల్లటి గుడ్డలు తెప్పించి ట్యూబులు దగ్గరుండి తుడిపించాడు. అత్తయ్య విని, "కన్నపిల్లకి కూడా ఇంత లాల పోసుండడు" అంది.

మా వైపు బొట్టు పెట్టకుండా ఏదీ మొదలవ్వదు. లారీకి బొట్టు, మోటారుకి బొట్టు, కొత్త టీవీకి బొట్టు. ఫర్నేసు వెలిగించే రోజున పంతులుగారొచ్చి బయటి తలుపు మీద పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మేనేజరుగారు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి అందరికీ పంచారు. బయటి తలుపు కాలదు కాబట్టి దాంతో ఏ చిక్కూ లేదు. చిక్కు అంతకు ముందురోజే జరిగిపోయింది. అది నాకు తెలియదు.

వెలిగించి కొన్ని వారాలైంది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ నవ్వుతూ, "అమ్మా, నీ బొట్టు ఇంకా ఉందే. అంత మంటలోనూ రూపాయి బిళ్ళంత మచ్చ, ఇవాళ కూడా చూశా" అన్నాడు.

నేను చారు వడ్డిస్తున్నాను. "ఏ బొట్టు?" అన్నాను.

"ఆంజనేయస్వామి సింధూరమే అమ్మాయ్" అంది అత్తయ్య. "గుళ్ళో స్వామి భుజం మీదది అడిగి తెచ్చా. ట్యూబుకే పెట్టు నాయనా, నువ్వు చూసే కన్నానికి ఎదురుగా పెట్టు, తొంగిచూసినప్పుడల్లా స్వామి కనపడాలి అని చెప్పా. నూనెలో రంగరించి మరీ ఇచ్చా, ఊడకుండా."

గరిటె అక్కడే పెట్టేశాను. జీఐ వైరు చూస్తే శివాలెత్తిన మనిషి, గుడ్డతో పదిసార్లు తుడిపించిన మనిషి, అదే చేత్తో బొట్టు పెట్టాడు! తర్వాత ఆలోచిస్తే నాకే అర్థమైంది. అతని లెక్కలో అది తప్పే కాదు. రంగు వేరు, బొట్టు వేరు. ఇంజనీరు రంగు పుయ్యద్దన్నాడు, బొట్టు పెట్టద్దని అనలేదు. ఏ ఇంజనీరైనా మన దేశంలో ఆ మాట ఎలా అంటాడు? అననైనా అనడు, మాకు తోచనైనా తోచదు.

సింధూరమంటే ఎర్ర సీసం అని చదువుకున్నదాన్ని. అన్నిచోట్లా అదే ఉండదని కూడా తెలుసు, ఏవేవో పొడులు కలిపి అమ్ముతారు. ఇదీ అలాంటిదే అయ్యుండాలి దేవుడా అనుకుంటూ దేవుడి గూట్లో మిగిలిన పొట్లంలోంచి చిటికెడు తీసి కాగితంలో మడిచాను. "బొట్టు పెట్టుకుని వెళ్ళవే" అంది అత్తయ్య. పెట్టుకోలేదు.

ల్యాబులో నత్రికామ్లం పోశాను. ఎర్రటి పొడి గోధుమరంగుకి తిరిగి అడుక్కి దిగింది. వడకట్టాను. తేరిన నీళ్ళలో పొటాషియం అయోడైడ్ చుక్కలు వేశాను. పడిన చుక్క పడినట్టే పసుపైపోయింది. గడపకి రాసే పసుపులా నిండుగా, శుభంగా. సీసం ఉంటేనే ఆ రంగు వస్తుంది. అంత అందమైన రంగు చూసి అంత భయపడటం నా జన్మలో అదొక్కటే. ఆ గాజుగొట్టం అలాగే పట్టుకుని మేనేజరుగారి గదిలోకి వెళ్ళాను.

ఆయన గొట్టం వైపు చూశారు, నా వైపు చూశారు. "ఏంటండీ ఇది? దేవుడి బొట్టు పెడితే ట్యూబు పగిలిపోతుందంటారా?"

"బొట్టు వల్ల కాదండీ, సీసం వల్ల. ఆ వేడికి సీసం కరిగి పై పొరని తినేస్తుంది. ఫర్నేసు ఆపి ఆ ఒక్క ట్యూబూ మార్పించండి."

"బానే ఉందండీ. దీపావళి సరుకు సగం కూడా వెళ్ళలేదు. ఇప్పుడు ఆపేసి, ఆంజనేయస్వామి బొట్టు వల్ల ఆపానని చెప్తే ఓనరుగారు నన్ను ఆపేస్తారు. చిన్న మచ్చండీ! పండక్కి సరిపడా ట్యాంకులు నిండనివ్వండి, తప్పకుండా ఆపుదాం."

"మచ్చ చిన్నదేనండీ. దానికెదురుగా మొహం పెట్టేది మా ఆయన" అన్నాను. ఆయన ఇబ్బందిగా టేబులు మీది పేపరువెయిట్ తిప్పారు. మంచివాడే. మంచివాళ్ళు వాయిదా వేస్తే కోప్పడటానికి కూడా వీలుండదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం అత్తయ్య గుడికి వెళ్ళిన టైము చూసుకుని బావతో చెప్పాను. మొదట నవ్వాడు. గాజుగొట్టం చూపిస్తే నవ్వు ఆగిపోయింది. చాలాసేపు దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాడు.

"హీటరు కాయిలు మీద చారు పడితే ఎక్కడ తెగుతుంది బావా?" అన్నాను.

"పడిన చోటే" అన్నాడు.

"సెలవు పెట్టు. ట్యాంకులు నిండేదాకా ఆ ఫర్నేసు మెట్లెక్కద్దు."

"నేను ఎక్కకపోతే ఇంకొకడు ఎక్కుతాడు. వాడికి ఏం చూడాలో కూడా తెలీదు. బొట్టు పెట్టింది నేను. చూడాల్సింది నేనే."

"ఆహా, మా గొప్పగా చెప్పొచ్చావు! నీకేమన్నా అయితే?"

"అయితే నువ్వున్నావుగా అమ్మకి" అన్నాడు. కోపం వచ్చి గాజుగొట్టంలోది సింకులో పారబోశాను. పళ్ళెం తోముతూ ఏడ్చాను. అత్తయ్య గుడి నుంచి వచ్చి, కళ్ళెందుకు ఎర్రబడ్డాయంటే ఉల్లిపాయలన్నాను. ఆవిడకి చెప్పద్దని బావ నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ల్యాబు కిటికీలోంచి ఫర్నేసు చిమ్నీ కనిపించేది. బర్నర్ల హోరు గోడల్లోంచి వచ్చేది. ఏళ్ళుగా వింటూ వింటూ అసలు వినిపించడం మానేసిన హోరు అది. ఇప్పుడు క్షణం వదలకుండా వినిపించేది. దానిలో ఏ కాస్త తేడా వచ్చినా చేతిలో బ్యూరెట్టు ఆగిపోయేది. ఎవరైనా తలుపు తోసుకుని వస్తే వాళ్ళ మొహం చూడటానికి భయం. వచ్చినవాళ్ళు నూనె శాంపిలు ఇచ్చి పోయేవాళ్ళు.

బావ ఇంటికొచ్చి మచ్చ గురించి చెప్పేవాడు. నేను అడక్కుండా ఉండలేకపోయేదాన్ని. మొదట్లో నల్లగా ఉండేదట. తర్వాత గరుకైంది. పొలుసులు లేచినట్టుందన్నాడు. ఒకరోజు మచ్చ అంచు మిగతా ట్యూబు కంటే తెల్లగా వెలుగుతోందన్నాడు. తెల్లగా వెలగడమంటే అక్కడ గోడ పల్చబడుతోందన్నమాట. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు. ఆ పక్క గదిలో అత్తయ్య హనుమంతుడికి దణ్ణం పెట్టుకుంటూ, నా కొడుకుని చల్లగా చూడు స్వామీ అని పైకే అంటోంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కలిసి మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాం. తెల్ల అంచు సంగతి బావ చెప్పాడు. ఈసారి ఆయన మొహం మారింది. "రేప్పొద్దున ఆపేద్దాం. ఖాయం. ఓనరుగారికి నేనే చెప్పుకుంటా" అన్నారు. బావ సరేనన్నాడు. నేను సరేననలేదు. ఆ ఒక్క పూట ఎందుకని అడగబోయాను. పద పద అని బావ నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు.

అదే రోజు మధ్యాహ్నం, ఇంటికి వెళ్ళబుద్ధికాక తెచ్చుకున్న కేరేజీలో అన్నం తినబోతుండగా హోరు ఆగిపోయింది.

ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో! నిజం చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది. ఆపేశారు, రేపటిదాకా ఆగకుండా ఇవాళే ఆపేశారు అనుకుని మూత తీసి ముద్ద కలిపాను. అప్పుడు కొత్త బట్ట చింపినట్టు ఒక చప్పుడు వినిపించింది. ముద్ద చేతిలోనే ఉంది. ఆ చేత్తోనే పరిగెత్తాను.

ఏం జరిగిందో తర్వాత ఫర్నేసు మీద పనిచేసే వాళ్ళు చెప్పారు. బావ మూత తీసి చూశాడట. మచ్చ మధ్యలో నిలువుగా ఒక తెల్లటి గీత. గ్యాసు కట్టెయ్యమని కింద ఉన్నవాళ్ళకి అరిచాడు. తనతో పాటు మెట్ల మీదున్న ఇద్దర్నీ తోసినంత పని చేసి కిందికి పంపించాడు. తనూ దిగిపోవచ్చు. కానీ తను తీసిన మూత తెరిచే ఉంది. ట్యూబు పోతే మంట అందులోంచే బయటికి తన్నుకొస్తుంది, దిగుతున్నవాళ్ళ నెత్తి మీదికే. వెనక్కి వెళ్ళి మూత జరిపాడు. ఇంకా బెత్తెడు సందు ఉందనగా ట్యూబు చీలింది. గ్యాసు అప్పటికే కట్టేశారు కాబట్టి, ట్యూబుల్లో మిగిలిన దాంతోనే పోయింది. లేకపోతే నేను మోసుకెళ్ళడానికి మనిషి మిగిలేవాడు కాదు.

కాకినాడ ఆసుపత్రిలో చేర్చాం. కుడిచెయ్యి, మెడ, చెంప కాలాయి. కుడికన్ను పోయింది. రెండోది దక్కుతుందని డాక్టరుగారు చెప్పేదాకా నేను నీళ్ళు కూడా తాగలేదు. మేనేజరుగారు వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి, నా మొహం చూడలేక బావ పాదాల వైపు చూస్తూ మాట్లాడి వెళ్ళారు. ట్యూబులు తెచ్చిన కంపెనీ ఇంజనీరు చీలిన ముక్క కోయించి చూశాడట. సరిగ్గా మచ్చ ఉన్న చోటే పై పొర లేచిపోయి, లోహం గవ్వ పెంకులా పల్చబడి చీలిందన్నాడు. అది దేని మచ్చో ఆయనకి ఎవరూ చెప్పలేదు. మేనేజరుగారూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

మంగళవారం పొద్దున అత్తయ్య గుడికి వెళ్ళి, తడిచీరతోనే ఆసుపత్రికి వచ్చింది. కొంగు ముడి విప్పి, కట్టు లేని వైపు, ఎడమ కనుబొమ పైన సింధూరం పెట్టింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మాయ్? మీ మావయ్యకి ఈ బొట్టు లేదు, ఒక్కసారిగా పోయాడు. వీడికి ఎదురుగా స్వామి ఉన్నాడు. కన్నుతో పోనిచ్చి ప్రాణం నిలబెట్టాడు. ఆ బొట్టే లేకపోతే నా కొడుకు నాకు దక్కేవాడా!"

ఇన్నాళ్ళు మింగిన మాటంతా గొంతులోకి వచ్చేసింది. ఆ బొట్టే అత్తయ్యా, ఆ బొట్టే చేసింది ఇదంతా, అని అరవాలనిపించింది. ఆవిడ్ని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. "అత్తయ్యా, అసలు ఆ ట్యూబు..." అన్నాను. దుప్పటి కింద నుంచి బావ ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అంత కాలిన మనిషికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో. ఒంటి కన్నుతో నా వైపు చూస్తూ, వద్దని తల ఊపాడు.

"ఆ ట్యూబు ఏంటే?" అంది అత్తయ్య.

"పాతదై ఉంటుందత్తయ్యా" అన్నాను.

"కొత్తది కదే!"

"కొత్తవి కూడా ఒక్కోసారి అలాగే వస్తాయమ్మా" అన్నాడు బావ. మొదటి రోజు నుంచీ మూలగడమే తప్ప మాట్లాడలేదు, అతను పలికిన మొదటి మాట అదే.

ఫ్యాక్టరీ మళ్ళీ నడిచింది. బావని ఫర్నేసు నుంచి తీసి స్టోర్సులో వేశారు. ఏ సామానైనా ముందు అక్కడికే రావాలి, కొత్త ట్యూబులు కూడా. అవి వచ్చే రోజు పొద్దున అత్తయ్య మాకంటే ముందే లేచి స్నానం చేసి గుమ్మంలో నిలబడింది. చేతిలో అరిటాకు పొట్లం.

"ఈసారి అన్నిటికీ పెట్టు నాయనా. ఒక్కదానికే పెట్టించి తప్పు చేశా. మిగతావాళ్ళూ ఎవరో ఒకరి కొడుకులేగా."

నేను బావ మొహం చూశాను. ఆ మొహంలో ఏమీ కనిపించలేదు. పొట్లం రెండు చేతులా తీసుకుని, ఉన్న కంటికీ లేని కంటికీ అద్దుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సైకిలు దిగి పొట్లాన్ని నా చేతిలో పెట్టాడు. ల్యాబులో సీసాలో పోసి, మూత బిగించి, విషాలు పెట్టే బీరువాలో దాచాను. పారబొయ్యడానికి చేతులు రాలేదు. రోజంతా దాని వైపు చూడకుండా పనిచేశాను.

సాయంత్రం మేం వచ్చేసరికి అత్తయ్య ఇంటి గేటు బయట నిలబడి ఉంది.

"పెట్టావా నాయనా?"

"పెట్టానమ్మా."

"ఎక్కడ పెట్టావు?"

బావ సైకిలు స్టాండు వేస్తూ చెప్పాడు. "ఎదురుగానే అమ్మా. చూసేవాళ్ళకి కనపడేట్టు."

"హమ్మయ్య" అని అత్తయ్య లోపలికెళ్ళి, మా ఇద్దరికీ కాఫీ పెట్టడానికి హీటరు స్విచ్చి వేసింది.